తెలంగాణ ఫుడ్ సేఫ్టీ కమిషనర్ ఎక్స్ ఖాతా: ఫాలో అవుతున్న ఒక అమ్మ అభిప్రాయం

2024 వేసవిలో మా పెద్దవాడు ఫ్రెండ్స్‌తో వెళ్లి ఓ హోటల్లో మండి (అన్నం మీద మాంసం పెట్టి ఇచ్చే అరబ్బు వంటకం) తిని వచ్చాడు. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ టెన్షన్‌లో ఉన్నప్పుడే మా ఆఫీసులో ఒకమ్మాయి "ఇది చూడండి అక్కా" అని ఈ ఖాతా చూపించింది.

ఇందులో ఆ శాఖ తనిఖీ బృందం, అంటే టాస్క్‌ఫోర్స్ వాళ్లు, తనిఖీకి వెళ్లిన హోటల్ పేరు, తేదీ, అక్కడ కనిపించినవన్నీ రాస్తారు. ఫొటోలూ పెడతారు. గడువు దాటిన మసాలా ప్యాకెట్లు, మూతల్లేని చెత్తబుట్టలు, లేబుల్ లేకుండా ఫ్రిజ్‌లో పడేసిన సగం వండిన కూరలు. వంటవాళ్లకు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు లేకపోతే అదీ రాస్తారు. వంటవాళ్లు తలకు టోపీలు పెట్టుకుంటే ఆ మంచి మాటా రాస్తారు. నాకు బాగా నచ్చింది ఇదే. మనం ఏసీ హాలు, మెరిసే ప్లేట్లు చూసి నమ్మేస్తాం. వంటగది తలుపు మన కోసం ఎవరు తీస్తారు?

పచ్చి మాంసాన్నీ వండినదాన్నీ పక్కపక్కనే పెట్టిన ఫొటో ఒకటి చూశాక, మా ఇంటి ఫ్రిజ్ కూడా సర్దుకున్నాను. పచ్చి చికెన్ ఇప్పుడు డబ్బాలో, అన్నిటికంటే కింది అరలో ఉంటుంది. బయటికెళ్తే గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు కోసం వెతుకుతున్నాను. 2024 అక్టోబర్ 30న పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించినప్పుడు, ఆ వార్త మావాడికి చూపించి కారణం చెప్పాను. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, షవర్మాలో వేసే మయోనైజ్‌తో పాటు అదీ కడుపులోకి పోతుంది. నేను ఎన్నిసార్లు వద్దన్నా వినని పిల్లాడు ఆ రోజు మాత్రం విన్నాడు.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటి తగ్గించడానికి కారణాలున్నాయి. నేను చూసిన పోస్టుల్లో ఎక్కువ శాతం ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. మా అత్తయ్యకు నేను చదివి చెప్పాల్సి వస్తోంది. టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లు కూడా చదువుకునేలా తెలుగులో పెడితే ఎంత బాగుంటుందో! ఇంకొకటి, నోటీసులు ఇస్తామని రాస్తారు గానీ తర్వాత ఆ హోటల్ బాగుపడిందా లేదా అన్నది నాకు పెద్దగా కనిపించలేదు. అదే పోస్టు కింద ఆ ముక్క కూడా రాయాలి.

మనవైపు తప్పూ ఒకటుంది. ఈ పోస్టుల స్క్రీన్‌షాట్లు తేదీ కత్తిరించి నెలల తర్వాత కూడా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఈలోగా ఆ హోటల్ వాళ్లు వంటగది బాగుచేసుకుని ఉండొచ్చు. దయచేసి ఫార్వర్డ్ చేసేముందు అసలు పోస్టు తెరిచి తేదీ చూడండి.