టోక్యోలో ల్యాప్‌టాప్ కొన్నాం, గది మారాం

2025 ఏప్రిల్ మొదటి వారంలో తమ్ముడూ నేనూ జపాన్ వెళ్లాం. టోక్యోలో ఐదు రాత్రులు, ఒసాకాలో మూడు. ల్యాప్‌టాప్ కోసమే పెట్టుకున్న ప్రయాణం కాదు. కానీ నా పాతదాని బ్యాటరీ ఉబ్బిపోయింది, ఎలాగూ కొత్తది కొనాలి. యెన్ విలువ బాగా తగ్గి ఉంది. పైగా అక్కడ పర్యాటకులకు 10 శాతం వినియోగ పన్ను మినహాయిస్తారు. అక్కడే కొందామని ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నాం.

వెళ్లొచ్చినవాళ్లు చాలామంది ఒకటే మాట చెప్పారు: చివరి రోజు కొనుక్కో, మోయక్కర్లేదు. నేను ఆ సలహా వినలేదు. వినకపోవడమే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటున్నాను. కొత్త మెషిన్‌లో లోపం ఉంటే మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. స్క్రీన్ మీద వెలగని చుక్క, సరిగ్గా నొక్కుకోని కీ, ఛార్జింగ్ ఎక్కని పోర్టు ఇలాంటివి. చివరి రోజు కొంటే అవి ఇంటికొచ్చాక కనిపిస్తాయి, దుకాణం మాత్రం సముద్రం అవతల ఉంటుంది. అందుకే రెండో రోజే కొన్నాం. దాంతో వచ్చిన చిక్కులు వేరే ఉన్నాయి, వాటి సంగతి కూడా చెబుతాను.

మొదట అకిహబారా వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల అంగళ్లతో పెరిగిన పేట ఇది. రైలు పట్టాల కింద రేడియో సెంటర్‌లో ఇప్పటికీ బల్ల వెడల్పు ఉన్న కొట్లలో స్విచ్చులు, వైర్లు, కనెక్టర్లు అమ్ముతున్నారు. కొనేది ఏమీ లేకపోయినా అక్కడ అరగంట నిలబడిపోయాను. వెనక వీధుల్లో వాడిన ల్యాప్‌టాప్‌ల దుకాణాలు వరసగా ఉన్నాయి. ఆఫీసుల్లో వాడి వదిలేసిన బరువు తక్కువ మెషిన్లు శుభ్రంగా తుడిచి, గ్రేడు రాసి పెట్టారు. ధరలు నిజంగా తక్కువే. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. 'జంక్' అని రాసి ఉన్న డబ్బాలో వస్తువు పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు, వెనక్కి తీసుకోరు. విడిభాగాలు విప్పి వాడుకోగలిగినవాళ్లకే అది.

కొత్తది కావాలంటే పెద్ద దుకాణాలే నయం. అకిహబారా స్టేషన్ పక్కనే 2005లో తెరిచిన యోడోబాషి కెమెరా అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణం ఉంది. రాత్రి 10 దాకా తీసే ఉంటుంది కాబట్టి పగలంతా ఊరు తిరిగి సాయంత్రం తీరిగ్గా వెళ్లొచ్చు. యూరాకుచో స్టేషన్ ఎదుట ఉన్న అలాంటిదే బిక్ కెమెరాకు కూడా వెళ్లాం. ధరల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. జనం యూరాకుచోలో కాస్త తక్కువ కాబట్టి మెషిన్లను నింపాదిగా చేతిలోకి తీసుకుని చూడటానికి అదే నచ్చింది. అకిహబారాలో రకాలు ఎక్కువ.

నా మనసు మొదట జపాన్ బ్రాండ్ల మీదకు పోయింది. ఫుజిట్సు ల్యాప్‌టాప్‌లలో 634 గ్రాముల మోడల్ ఉంది. ఎత్తి చూస్తే లోపల ఏమీ లేని నమూనా పెట్టెలా అనిపించింది. కోబెలో తయారయ్యే పానసోనిక్ లెట్స్ నోట్‌నూ చాలాసేపు చూశాను. గుండ్రటి టచ్‌ప్యాడ్, దెబ్బలకు తట్టుకునే మూత. ఇవి బయట సులువుగా దొరకవు, ఆశ పుట్టడం సహజం. కానీ ఈ జపాన్ మోడళ్లను ఎక్కువగా మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో కలిపి అమ్ముతారు. మీకు అవసరం ఉన్నా లేకపోయినా ఆ ఖర్చు ధరలో ఉంటుంది. వారంటీ గురించి అడిగితే జపాన్‌లోనే చెల్లుతుందన్నారు. అక్కడితో ఆ ఆలోచన వదిలేశాను. విదేశంలో ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: వారంటీ మీతోపాటు ఇంటికి వస్తుందా, రాదా? ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్‌కు అంతర్జాతీయ వారంటీ ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. కంపెనీ పేరు చూసి ఊహించుకోకుండా మోడల్ నంబరుతో సహా అడిగి తెలుసుకోండి. ఇంకో సంగతి. విండోస్ మెషిన్ అయితే జపనీస్ నుంచి భాష మార్చుకునే వీలుందో లేదో ముందే చూసుకోవాలి. సింగిల్ లాంగ్వేజ్ అనే రకంలో భాష మార్చనివ్వదు.

చివరికి ఎం4 చిప్ ఉన్న 13 అంగుళాల ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ ఎంచుకున్నాను. ఇక్కడ పెద్ద తికమక కీబోర్డు. దుకాణంలో సిద్ధంగా ఉన్నవి జపనీస్ కీబోర్డువి. ఇంగ్లిష్ కీబోర్డు కావాలంటే ఆపిల్ సొంత దుకాణానికి ఆర్డరు పెట్టుకోవచ్చు. కానీ ఆపిల్ తన దుకాణాల్లో 2022 నుంచి పర్యాటకులకు పన్ను మినహాయింపు ఆపేసింది. అంటే కావాల్సిన కీబోర్డు పన్నుతో, లేదంటే జపనీస్ కీబోర్డు పన్ను లేకుండా. తమ్ముడూ నేనూ షోరూమ్‌లో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం.

"రోజూ టైపు చేసేది నువ్వే కదా అన్నా, నీకు కుదురుతుందో లేదో చూసుకో. నాలుగు డబ్బుల కోసం రోజూ విసుక్కోకు" అన్నాడు.

డెమో మెషిన్ మీద పావుగంట టైపు చేసి చూశాను. స్పేస్ బార్ పొట్టిగా ఉంటుంది, దానికి అటూ ఇటూ భాష మార్చే రెండు కీలు ఉంటాయి. బొటనవేలు మాటిమాటికీ వాటి మీద పడింది. ఎంటర్ కీ నిలువుగా పెద్దది. 'ఏ' అక్షరం పక్కన క్యాప్స్ లాక్ ఉండాల్సిన చోట కంట్రోల్ ఉంటుంది. 'పి' పక్క కీ మీద ఈమెయిల్‌లో వాడే ఎట్ గుర్తు ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో తెలుగు టైపు చేసే నాకు ఆ కీ అంటే 'డ'. సెట్టింగ్స్ మార్చుకుంటే ఆ చోట 'డ'నే పడుతుంది, కీ మీద గుర్తు మాత్రం వేరేగా ఉంటుంది. నేను కీలు చూడకుండా టైపు చేస్తాను కాబట్టి సరేననుకున్నాను. చూసి టైపు చేసేవాళ్లూ, రోజంతా బ్రాకెట్లతో పనిపడే ప్రోగ్రామర్లూ ఈ కీబోర్డు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఆ విసుగు ఏళ్ల తరబడి ఉంటుంది.

అప్పుడు ధర పన్నుతో 1,64,800 యెన్‌లు, పన్ను తీసేస్తే 1,49,818. పెద్ద దుకాణాలు పర్యాటకులకు అదనపు తగ్గింపు కూపన్లు ఇస్తాయి కానీ అవి అన్ని బ్రాండ్లకూ వర్తించవు. నేను ఎంచుకున్నదానికి రాలేదు. పన్ను మినహాయింపుకు పాస్‌పోర్టు అసలుదే కావాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోరు. తీరా కార్డు పెడితే తిరస్కరించింది. మళ్లీ పెట్టినా అంతే. విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకునే వెళ్లాను. కానీ ఒక్కసారికి ఇంత మొత్తం దాటకూడదని బ్యాంకు వేరే పరిమితి పెట్టిన సంగతి నాకు తెలియదు. వెనక క్యూ పెరుగుతోంది, నాకు టెన్షన్. కౌంటర్‌లో ఉన్నావిడ ఏమాత్రం విసుక్కోలేదు. ల్యాప్‌టాప్ పెట్టెను పక్కన పెట్టి, అనువాదం చేసే చిన్న పరికరంలో "తొందరలేదు, మీ కోసం ఉంచుతాను" అని చూపించింది. బ్యాంకుకు రోమింగ్‌లో ఫోన్ చేసి పరిమితి పెంచుకునేసరికి 40 నిమిషాలు పట్టింది. ఆవిడ ఓర్పును మర్చిపోలేను.

కార్డు మెషిన్ మీద ఇంకో ప్రశ్న వచ్చింది, యెన్‌లలో కడతారా, మీ దేశపు కరెన్సీలోనా అని. ఎప్పుడూ యెన్‌లే నొక్కండి. రెండోది నొక్కితే మారకపు రేటు వాళ్లు వేసుకుంటారు, అది మనకు నష్టమే. యెన్‌లలో కట్టినా నా కార్డు 3 శాతం విదేశీ రుసుము వేసింది, దాదాపు 4,500 యెన్‌లు. పన్నులో మిగిలిన 14,982లో మూడో వంతు దాకా అలా పోయింది. రుసుము లేని ట్రావెల్ కార్డు ముందే తీసుకుని ఉండాల్సింది.

బస సంగతికి వస్తాను. మొదటి మూడు రాత్రులు టోక్యోలోని ఉయెనోలో కాప్సూల్ హోటల్ అనుకున్నాం, అంటే గదికి బదులు ఒక్క మనిషి పడుకునేంత గూడు ఇచ్చేది. మనిషికి రాత్రికి 4,500 యెన్‌లు. శుభ్రంలో వంక పెట్టలేం. స్నానాల గది వేడిగా, విశాలంగా ఉంది, నిద్ర బాగా పట్టింది. ఒక్క రాత్రి పడుకోవడానికి చక్కటి చోటు. కానీ కాప్సూల్‌కు తలుపు ఉండదు, తెర ఉంటుంది. తాళం పడేది లాకర్ ఒక్కదానికే, అది సన్నగా పొడుగ్గా ఉంటుంది. అందులో నా బ్యాగు పెట్టాక ల్యాప్‌టాప్ పెట్టె పట్టలేదు. మిగతావాళ్లు సూట్‌కేసులు వరండాలో బాహాటంగా వదిలేసి వెళ్తున్నారు. జపాన్‌లో దొంగతనాలు తక్కువే, నిజమే. అయినా ఇంకా సీలు తీయని పెట్టెను అలా వదలడానికి మనసొప్పలేదు. అన్నిటికన్నా ముఖ్యం, రెండో రోజే కొన్నది పరీక్షించడానికి కదా. పరీక్షించాలంటే బల్ల, ప్లగ్, గంటసేపు ప్రశాంతత కావాలి. కాప్సూల్‌లో కూర్చుంటేనే తల పైకి తగులుతుంది.

మొదటి రాత్రికి మాత్రమే డబ్బు కట్టి ఉన్నాం కాబట్టి ల్యాప్‌టాప్ కొన్న సాయంత్రమే అకిహబారాకు నడక దూరంలో ఉన్న బిజినెస్ హోటల్‌కు మారాం. రెండు మంచాల గది, రాత్రికి 16,500 యెన్‌లు. గది చిన్నదే, రెండు సూట్‌కేసులూ ఒకేసారి తెరవలేం. కానీ తలుపుకు తాళం ఉంది, గోడవారగా బల్ల ఉంది, దాని పక్కనే ప్లగ్ ఉంది. ఆ రాత్రి ప్రతి పోర్టూ, ప్రతి కీ చూశాను, తెల్ల తెర, నల్ల తెర పెట్టి చుక్కలు వెతికాను. అన్నీ బాగున్నాయి. మరుసటి రోజు ల్యాప్‌టాప్‌ను గదిలో పెట్టి తాళం వేసి, చేతులూపుకుంటూ కమకురా వెళ్లి పెద్ద బుద్ధుణ్ణి చూసొచ్చాం. టోక్యో నుంచి రైల్లో గంట. రద్దీ రైళ్లలో ఆ బరువు భుజాన లేకపోవడం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

గది తేడా రాత్రికి 7,500, రెండు రాత్రులకు 15,000 యెన్‌లు. కార్డు రుసుము తీసేశాక ఇంటి దగ్గరి ధరతో పోలిస్తే ల్యాప్‌టాప్ మీద మాకు మిగిలింది కూడా ఇంచుమించు 15,000 యెన్‌లే. అంటే ఈ కొనుగోలు వల్ల చేతికి వచ్చింది ఏమీ లేదు. మీరు ఎలాగూ తాళం పడే గదిలోనే ఉండేవాళ్లయితే ఆ 15,000 మీకు నిజంగానే మిగులుతుంది. చవక బస చేస్తూ ఖరీదైన వస్తువు కొనాలనుకుంటే మాత్రం ఈ లెక్క ముందే వేసుకోండి.

షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఒసాకా వెళ్లాం. టికెట్ ఒకవైపుకు 14,000 యెన్‌ల పైచిలుకు. 2023 అక్టోబరులో, పర్యాటకులు దేశమంతా రైళ్లలో తిరగడానికి కొనే ఏడు రోజుల రైల్ పాస్ ధర 29,650 నుంచి 50,000కు పెరిగింది, మా ప్రయాణానికి అది గిట్టదు. కిటికీ పక్క సీటు తీసుకుంటే కింద ప్లగ్ ఉంటుంది. అక్కడి కరెంటు 100 వోల్టులే అయినా ల్యాప్‌టాప్ అడాప్టర్లు 100 నుంచి 240 దాకా పనిచేస్తాయి. ఇంటికొచ్చాక రెండు చదును పిన్నుల ప్లగ్‌కు ఓ చిన్న కన్వర్టర్ ఉంటే చాలు. ఒసాకాలో ఉమెదా యోడోబాషి, నిప్పోన్‌బాషిలో డెన్ డెన్ టౌన్ అనే ఎలక్ట్రానిక్స్ అంగళ్ల పేట రెండూ చూశాం. నేను కొన్న ధరే అక్కడా ఉంది. మీ విమానం ఒసాకాలో దిగేదైతే అకిహబారా కోసం ఆగక్కర్లేదు, దిగిన మర్నాడే అక్కడ కొనేయొచ్చు.

ఒక మార్పు తెలుసుకోవాలి. 2026 నవంబరు 1 నుంచి జపాన్‌లో పన్ను మినహాయింపు పద్ధతి మారుతుంది. అప్పటినుంచి దుకాణంలో పన్నుతో సహా మొత్తం కట్టాలి. దేశం విడిచేటప్పుడు కస్టమ్స్ ధ్రువీకరించాకే పన్ను వాపసు వస్తుంది. కార్డు పరిమితి, విదేశీ రుసుము ఆ పెద్ద మొత్తానికి తగ్గట్టు చూసుకోండి, విమానాశ్రయానికి ఇంకాస్త ముందుగా బయల్దేరండి. మీరు దిగే దేశపు కస్టమ్స్ నియమం కూడా కొనకముందే చదువుకోవాలి. అక్కడ సుంకం పడితే ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

పన్ను లేకుండా కొన్న వస్తువును కస్టమ్స్ వాళ్లు చూపించమనవచ్చు, పైగా బ్యాటరీ ఉన్న మెషిన్. అందుకే దాన్ని సూట్‌కేసులో పెట్టకుండా చేతి బ్యాగులోనే ఉంచుకున్నాను. ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయంలో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఖాళీ పెట్టెను తమ్ముడు తన బట్టల మధ్య సర్దుకున్నాడు. విమానం ఎక్కాక ఈ ఖర్చుల లెక్కంతా ఆ కీబోర్డు మీదే టైపు చేశాను. బొటనవేలు ఇంకా ఆ పక్క కీల మీద పడుతూనే ఉంది, కానీ మొదటి రోజంత కాదు.