రెండు పెద్ద బాక్సులా, మైదానమంతా చిన్న స్పీకర్లా: ఆరుబయట సభకు ఏది మేలు?

ఆరుబయట సభకి మైకు సెట్టు అనగానే చాలామంది అడిగేది ఎన్ని వాట్లని. వాట్ల సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: వినేవాళ్ళలో అందరికన్నా దూరంగా కూర్చున్న మనిషికీ, అతనికి దగ్గర్లో ఉన్న స్పీకరుకీ మధ్య ఎన్ని మీటర్లు? ఈ లెక్క తెలిస్తే ఏ పద్ధతి మేలో సగం తేలిపోయినట్టే.

పద్ధతులు ప్రధానంగా రెండు. స్టేజీకి చెరోపక్క ఒక పెద్ద బాక్సు నిలబెట్టి, సౌండు పెంచి మైదానమంతా వినిపించేలా చేయడం మొదటిది. స్టేజీ దగ్గర ఓ మోస్తరు స్పీకర్లు పెట్టి, జనం మధ్యలో దూరం దూరంగా మరికొన్ని నిలబెట్టి, ఒక్కోదానికి కొంత జాగా అప్పగించడం రెండోది. మాటే ముఖ్యమైన సభలకి, అంటే ప్రసంగాలు, ప్రకటనలు, బహుమతుల ప్రదానాలు ఉన్నచోట నేను రెండోదాని వైపే మొగ్గుతాను. జనం మరీ తక్కువైతే తప్ప.

ఎందుకో చెప్తాను. గోడలూ కప్పూ లేనిచోట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ (ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) పడిపోతుంది. చివరి వరుస స్పీకరు నుంచి 40 మీటర్ల దూరంలో ఉందనుకోండి. జనం కబుర్ల మధ్య మాట తేటగా వినపడాలంటే ఆ గోల కన్నా కనీసం 10 డెసిబెల్స్ పైన ఉండాలి. గోల 65 డెసిబెల్స్ ఉంటే అక్కడికి 75 చేరాలన్నమాట. అప్పుడు 20 మీటర్ల దగ్గర 81, 10 మీటర్ల దగ్గర 87, 5 మీటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళకి 93 తగులుతుంది. వెనకవాళ్ళ కోసం ముందు వరుసలోని ముసలివాళ్ళూ పిల్లలూ చెవులు మూసుకోవాల్సి వస్తుంది. వాళ్ళు సైగ చేస్తే ఆపరేటర్ సౌండు తగ్గిస్తాడు, వెంటనే వెనక నుంచి "వినపడట్లేదు" అని కేక వస్తుంది. ఆ రెండు బాక్సులతో ఇద్దర్నీ మెప్పించడం ఎవరి వల్లా కాదు.

వాట్లు పెంచితే సరిపోదా అంటే, ఆంప్లిఫయర్ శక్తిని 500 వాట్ల నుంచి 1000కి పెంచినా అదనంగా దక్కేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల శక్తి. అదే స్పీకరుని 40 మీటర్ల నుంచి 10 మీటర్ల దగ్గరకి తెస్తే 12 డెసిబెల్స్ ఊరికే కలిసొస్తాయి. వాట్లలో చెప్పాలంటే అది 16 రెట్లు. స్పీకరుని దగ్గరికి జరపడానికి మించిన ఆంప్లిఫయర్ లేదు.

అయితే రెండు బాక్సుల పద్ధతికీ దాని మేలు దానికుంది. లాగాల్సిన వైర్లు తక్కువ, చెడిపోయేవీ తక్కువ. మాట్లాడే మనిషి వైపు నుంచే మాట వస్తుంది కాబట్టి వినేవాళ్ళ చూపు స్టేజీ మీదే నిలుస్తుంది. పాటలూ నాట్యాలూ ఉంటే లోపల 12 లేదా 15 అంగుళాల స్పీకరున్న బాక్సు ఇచ్చే నిండుతనం చిన్న స్పీకర్లకి రాదు. చివరి వరుస 20 మీటర్లలోపే ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు, రెండు బాక్సులు చాలు. కాకపోతే వాటిని నేల మీదో బల్ల మీదో పెట్టకండి. ముందు కూర్చున్నవాళ్ళ ఒళ్ళూ బట్టలూ పై స్థాయి ధ్వనుల్ని పీల్చేస్తాయి. చ, స, త లాంటి హల్లుల స్పష్టత ఉండేది ఆ ధ్వనుల్లోనే. బాక్సు తలల కన్నా పైకి లేచి, కొద్దిగా కిందికి వంగి, మధ్య వరుసల్ని దాటి చివరివాళ్ళ వైపు చూస్తూ ఉండాలి. అప్పుడు ముందువాళ్ళకి నేరుగా కొట్టదు, వెనకవాళ్ళకి అందుతుంది.

ఇక చిన్న స్పీకర్ల పద్ధతికి అసలు చిక్కు ఆలస్యంతో వస్తుంది. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. ఒక్కో మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. వైరులో సంకేతం మాత్రం కళ్ళు మూసి తెరిచేలోపే చేరిపోతుంది. స్టేజీకి 20 మీటర్ల దూరంలో రెండో వరుస స్పీకరు పెడితే, దాని పక్కన కూర్చున్నవాళ్ళకి ముందు ఆ స్పీకరు మాట వినిపించి, స్టేజీ దగ్గరి స్పీకరు మాట 58 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. తేడా 50 దాటితే మాట మీద మాట పడి రెండుసార్లు విన్నట్టుంటుంది. పెద్ద మైదానాల్లో ప్రకటనలు అర్థంకాని రొదలా వినిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. సౌండు తక్కువై కాదు, పెంచితే ఇంకా గందరగోళమవుతుంది.

మందు కూడా ఉంది. చాలా డిజిటల్ మిక్సర్లలో (మైకుల్ని కలిపి సర్దే పరికరాలు), ఇప్పుడొస్తున్న చాలా పవర్డ్ స్పీకర్లలో (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) డిలే అనే సదుపాయం ఉంటుంది, అంటే ఆ స్పీకరు మాటని కావాలనే కాస్త ఆలస్యం చేయడం. స్టేజీ స్పీకరుకీ రెండో స్పీకరుకీ మధ్య దూరం మీటర్లలో కొలిచి 2.9తో హెచ్చవేయండి. వచ్చినదానికి 10 నుంచి 15 మిల్లీసెకన్లు కలపండి. 20 మీటర్లకైతే సుమారు 70 పెట్టాలి. ఆ కాస్త ఎక్కువ కలపడానికి కారణాన్ని 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు వివరించాడు. రెండు చోట్ల నుంచి ఒకే మాట కొద్ది తేడాతో వస్తే, ముందు చేరిన వైపు నుంచే అంతా వస్తోందని చెవి అనుకుంటుంది, రెండోది కొంచెం గట్టిగా ఉన్నా సరే. పక్కనున్న స్పీకరు మాట అందిస్తుంది, చూపు మాత్రం స్టేజీ మీదే ఉంటుంది. ఈ ఒక్క సర్దుబాటు చిన్న స్పీకర్ల పద్ధతిని ఎంత మార్చేస్తుందో ఒకసారి విన్నవాళ్ళు మళ్ళీ పాత దారికి వెళ్ళరు.

డిలే లేని సెట్టే దొరికితే? స్పీకర్లన్నిటినీ స్టేజీకి వీపు పెట్టి ఒకే దిక్కుకి తిప్పండి. సౌండు తగ్గించి పెట్టండి. ఒకచోట కూర్చున్న మనిషికి గట్టిగా వినపడే రెండు స్పీకర్ల దూరాల్లో తేడా 10 మీటర్లు దాటకుండా చూడండి. మైదానం రెండు కొసల్లో ఎదురెదురుగా రెండు హారన్లు (గరాటులా ఉండే స్పీకర్లు) కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నడిమధ్య తప్ప మిగతా చోట్ల ఒక మాట ఇంకోదాన్ని మింగేస్తుంది.

హారన్ల మాట వచ్చింది కాబట్టి, హారనా బాక్సా అన్నది కూడా చూద్దాం. హారన్ కొద్ది వాట్లతోనే చాలా దూరం కొడుతుంది, వానకి ఓర్చుకుంటుంది. కానీ కింది స్థాయి ధ్వనుల్ని వదిలేస్తుంది కాబట్టి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. తప్పిపోయిన పిల్లల ప్రకటనకి, దారి చూపడానికి, జనాన్ని జాగ్రత్తగా పంపించడానికి ఇది బాగా పనికొస్తుంది. గంటల తరబడి ప్రసంగం వినాలంటే మాత్రం చెవి అలిసిపోతుంది. నన్నడిగితే కూర్చుని వినేచోట బాక్సులు, నడిచే దారుల్లోనూ వాహనాలు నిలిపేచోటా హారన్లు. ఈ రెంటికీ నడుమ సన్నగా నిలువుగా ఉండే కాలమ్ స్పీకర్లున్నాయి. ధ్వనిని పైకీ కిందికీ వృథా చేయకుండా పక్కలకి పరుస్తాయి కాబట్టి మాటకి చాలా అనువైనవి, దొరికితే వదలకండి. బ్లూటూత్ స్పీకర్లని మాత్రం ప్రత్యక్ష ప్రసంగానికి వాడొద్దు. వాటిలో ఆలస్యం ఎక్కువ, పెదవులకీ మాటకీ పొంతన ఉండదు.

దూరం వైర్లు లాగేటప్పుడు ఇంకో లెక్క. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుని 100 మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి 2.3 ఓమ్‌ల నిరోధం. 8 ఓమ్‌ల స్పీకరుని నేరుగా తగిలిస్తే చేరాల్సిన శక్తిలో దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. అదే వోల్టేజీ పెంచి కరెంటు తగ్గించి పంపే 100 వోల్టుల లైను పద్ధతిలో, స్పీకరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 100 వాట్లు పంపితే తగ్గేది 5 శాతం లోపే. అందుకే దూరపు హారన్లకి ఆ పద్ధతి. ఒక్కో స్పీకరు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంచుకున్న వాట్లు (ట్యాపు అంటారు) అన్నీ కూడితే ఆంప్లిఫయర్ సామర్థ్యాన్ని మించకూడదు. 100 వోల్టులు షాకు కొడతాయి కూడా. అతుకులు తడి తగలకుండా, కాళ్ళకి అందకుండా ఉండాలి.

మైకు కీచుమనడం విషయంలోనూ చిన్న స్పీకర్లదే పైచేయి. స్టేజీ దగ్గర సౌండు తక్కువ చాలు కాబట్టి మైకులోకి తిరిగొచ్చేదీ తక్కువే. ఏ పద్ధతైనా మైకు స్పీకర్ల వెనకే ఉండాలి. వాడని మైకులు ఆపేయండి, ఎందుకంటే ఆన్‌లో ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కీచుమనకుండా పెంచగలిగే సౌండులో 3 డెసిబెల్స్ నష్టం. వక్తకి ముందే చెప్పాల్సిందీ ఒకటుంది: మైకుని నోటికి 20 సెంటీమీటర్ల నుంచి 10కి తెస్తే 6 డెసిబెల్స్ అదనం. మైకు తల మీది జాలీ చుట్టూ పిడికిలి బిగించడం మాత్రం వద్దు. దాంతో మైకు దిశ తెలియని దానిలా అన్ని వైపుల ధ్వనీ పీల్చుకుని కీచుమంటుంది.

చేతిలో ఉన్నవి రెండు బాక్సులే, అద్దెకి ఇంకోటి దొరకదు, జనం మాత్రం ఎక్కువ అన్నప్పుడు స్టేజీ చోటు మార్చి చూడండి. పొడవైన మైదానంలో స్టేజీని ఒక కొసన కట్టడం అలవాటు. దాన్ని పొడవు వైపు నడిమధ్యకి తెచ్చి, కుర్చీలు లోతుగా కాకుండా వెడల్పుగా వేయించండి. బాక్సుల్ని మరికాస్త ఎడంగా జరిపి, ఒక్కోటి తన వైపు జనం మధ్యకి చూసేలా తిప్పండి. 40 మీటర్ల దూరం 20కి తగ్గినా వెనకవాళ్ళకి 6 డెసిబెల్స్ పెరుగుతాయి.