జాగ్రత్త: ‘వాస్తు తాబేలు’ అంటూ నక్షత్ర తాబేలు అంటగడతారు

విజయవాడ, గుంటూరు వాళ్లకు ఎవరైనా వాట్సాప్‌లో "లక్ష్మీ తాబేలు, ఇంట్లో ఉంటే కలిసొస్తుంది" అని ఫొటో పంపితే ముందు డిప్ప చూడండి. నల్లటి డిప్ప మీద ఒక్కో పలక మధ్య నుంచి పసుపు గీతలు చుక్క విచ్చుకున్నట్టు ఉంటే అది నక్షత్ర తాబేలే. రూపాయి అడ్వాన్సు కూడా పంపొద్దు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాంతో నక్షత్ర తాబేలు, ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన షెడ్యూల్ 1లో చేరింది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. అమ్మినవాడితో పాటు కొని ఇంట్లో ఉంచుకున్నవాళ్లూ నేరస్తులే. 57వ సెక్షన్ ప్రకారం అది మీ దగ్గర దొరికితే, తప్పు చేయలేదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

"బిల్లు ఇస్తాం" అంటారు. ఆ బిల్లు మీరు కొన్నారనడానికి సాక్ష్యం, అంతే. "పరివేశ్ (కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్) సర్టిఫికెట్ ఉంది" అనేది ఇంకా పెద్ద మోసం. 2024 నిబంధనల కింద చేసే ఆ నమోదు ఆఫ్రికన్ గ్రే చిలుక లాంటి విదేశీ జీవుల కోసం. మన అడవిలో పట్టిన తాబేలుకు ఆ కాగితం రక్ష కాదు. పార్సిల్లో చచ్చిన తాబేలు వచ్చినా మీరు ఎక్కడా ఫిర్యాదు చేసుకోలేరు. రామచిలుకలను కొనడం, అమ్మడం కూడా నేరమే, అవి అదే చట్టం షెడ్యూల్ 2లో ఉన్నాయి.

ప్రాణంతో వచ్చినా, పాపం, అది ఇంట్లో ఎక్కువ కాలం బతకదు. ఇది పొడి నేలల్లో గడ్డి, ఆకులు తినే జీవి. అన్నం, బ్రెడ్డు పెట్టి, ఎండ తగలకుండా ఉంచితే కాల్షియం అందక డిప్ప మెత్తబడుతుంది. తడి తొట్టెలో ఉంచితే ముక్కు కారి ఊపిరితిత్తులు చెడతాయి.

ఇప్పటికే కొన్నవాళ్లు భయపడి బందరు కాలువలో వదలొద్దు. నేల తాబేలు, ఈత రాదు, మునిగి చస్తుంది. పొలంలో వదిలితే దాని జబ్బులు అక్కడి తాబేళ్లకు అంటుకోవచ్చు. 39వ సెక్షన్ ప్రకారం చేతికొచ్చిన 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. ముందు ఫోన్ చేయండి, వాళ్లు చెప్పకుండా బండి మీద పెట్టుకుని బయలుదేరొద్దు. అప్పగించేటప్పుడు రాతపూర్వకంగా రసీదు తీసుకోండి. గడువు దాటిపోతే వకీలును వెంటబెట్టుకుని వెళ్లండి. అమ్మినవాడితో చేసిన చాటింగ్, డబ్బు పంపిన వివరాలు మాత్రం చెరిపేయకండి. వాడిని పట్టుకోవడానికి అధికారులకు దొరికే ఆధారం చాలాసార్లు అదొక్కటే.