రిఫ్రాక్టోమీటర్ ముందే కొనుంటే బాగుండు

మాది కడప. ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం ఉండాది. ఈ ఎండలకి ఆ ట్యాంక్‌లో నీళ్లు రోజుకు చెంబుడు తగ్గిపోతాంటే నేను ఉప్పు కలిపిన నీళ్లే పోస్తా వచ్చినా, అందులోని జోవాంథిడ్ కోరల్ (పువ్వు మాదిరి విచ్చుకునే పగడపు జీవి) చూస్తే పదిరోజుల్నించి మొగ్గల మాదిరి ముడుచుకోనే ఉండాది, మందేమన్నా ఎయ్యాలేమో అనుకున్నా. నీళ్లలో ఉప్పెంతుందో చూపే పాత ముల్లు హైడ్రోమీటరేమో 1.025 (మంచినీళ్లతో పోలిస్తే సాంద్రత) అంటాది, అంటే ఉప్పు సరిగ్గా ఉన్నట్టే. అదే ఉప్పును వెలుతురుతో కొలిచే ఈ రిఫ్రాక్టోమీటర్ ఆన్‌లైన్‌లో తెప్పించి, చుక్క వేసి వెలుతురు పక్క పెట్టి చూస్తే నీలం అంచు 1.031 కాడ, అంటే ఉప్పు ఎక్కువైపోయినట్టు! ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు యాడికీ పోదు కదా, నాకు తట్టనేలేదు. రోజూ ట్యాంక్ నీళ్లు కొంచెం తీసి ఉప్పులేని ఆర్వో నీళ్లు పోస్తాంటే వారానికి కోరల్ విచ్చుకునింది. రీడింగ్ సరిచూసుకునే 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) క్యాలిబ్రేషన్ ద్రావణం మాత్రం డబ్బాలో ఇయ్యలేదు, విడిగా కొని సెట్ చేసుకున్నా, మూత కూడా నాసిరకం. నాలుగు స్టార్లు.