లంబసింగి నుంచి అరకు దాకా: చలికాలంలో కారు డిక్కీ

విశాఖపట్నంలో ఉండేవారికి చలికాలం కోసం కారును సిద్ధం చేయడమంటే కొంత అతి అనిపిస్తుంది. జనవరిలో కూడా బీచ్ రోడ్డుకు స్వెట్టర్ లేకుండా వెళ్ళే ఊరు మనది. అయితే ఆ సముద్రపు ఒడ్డునే బయలుదేరిన కారు తెల్లవారేలోగా దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి చేరుతుంది. మన ఘాట్లలో రోడ్డు మీద మంచు పేరుకోదు గనుక చక్రాలకు గొలుసులు కట్టే పని లేదు; భయమంతా పొగమంచుతోనూ, చీకటి మలుపులతోనూ, పిలిస్తే పలికే మెకానిక్ లేని దూరాలతోనే.

నాలుగేళ్ళు దాటిన బ్యాటరీ చలిలో మొరాయిస్తుందని ముందుగానే మార్పించాను. డిక్కీలో జాకీ, వీల్ స్పానర్, ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు అందుకునే జంపర్ కేబుళ్ళు, కారును లాగే తాడు, 12 వోల్టుల సాకెట్‌తో నడిచే గాలి పంపు, రిఫ్లెక్టర్ ట్రయాంగిల్, తలకు కట్టుకునే టార్చిలైటు, మందుల పెట్టె, రెండు దుప్పట్లు, నీళ్ళ క్యాను సర్దాను. మా అమ్మ జంతికల డబ్బాను కూడా అత్యవసర సామగ్రిలోనే చేర్చింది. స్టెప్నీని, అంటే అదనపు చక్రాన్ని, మాత్రం చేత్తో తట్టి చూసి, బాగానే ఉందనుకుని వదిలేశాను.

తాళ్ళపాలెం దగ్గర జాతీయ రహదారి వదిలి, నర్సీపట్నంలో ట్యాంకు నిండుగా పెట్రోలు పోయించుకున్నాము. ఘాటు ఎక్కుతుండగా అద్దం లోపలివైపు ఆవిరి పట్టి దారి కనిపించకుండా పోయింది. గుడ్డతో తుడిచినకొద్దీ మళ్ళీ పట్టింది గాని, చలిలోనే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి మళ్ళిస్తే క్షణాల్లో విడిపోయింది. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుతురు మన కళ్ళలోకే తిరిగి వస్తుంది కాబట్టి డిమ్ లైటుతో, రోడ్డు అంచు గీతను చూసుకుంటూ నడిపాను. ముందు కారాయన నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని నడుపుతుంటే, ఆయన ఎటు తిరుగుతాడో వెనకున్న మాకు తెలిసే వీలే లేకపోయింది.

లంబసింగిలో తెల్లవారుజాము అద్భుతమే, కాని రాత్రి బస నచ్చలేదు. అద్దెకు తీసుకున్న గుడారంలోకి తెల్లార్లూ మంచు నీరు కారింది. డిక్కీలోని దుప్పట్లే మమ్మల్ని కాపాడాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు సూర్యోదయం చూసి కదలడమే మేలని నా అభిప్రాయం. పాడేరు దగ్గరి వంజంగిలో కారును కింద వదిలి కొండ నడిచి ఎక్కాలి; మబ్బుల సముద్రం చూడాలంటే ఆ శ్రమ పడక తప్పదు.

బసకు మాత్రం అరకే నయం. పర్యాటక సంస్థవారి హరిత రిసార్టులో గది సాదాసీదాగా ఉన్నా, కారు ఆవరణలోనే నిలిపాము, భోజనం అక్కడే దొరికింది, ఊళ్ళో పెట్రోలు బంకు, పంక్చర్ షాపు ఉన్నాయి. సీజనులో గదులు ముందే నిండిపోతాయన్నదే ఇబ్బంది. ఉదయం పక్క కారు స్టార్టు కాకపోతే మా జంపర్ కేబుళ్ళు వాళ్ళకు పనికొచ్చాయి. మా కొత్త బ్యాటరీకి వాటి అవసరమే రాలేదు.

తిరుగు ప్రయాణంలో, అనంతగిరి ఘాటును రెండో గేరులో దిగుతుండగా వెనక టైరు పంక్చరైంది. ఫోనులో సిగ్నల్ లేదు. మలుపుకు ముందే కనిపించేలా ట్రయాంగిల్‌ను బాగా వెనక్కి పెట్టడం వల్ల, పైనుంచి వచ్చిన లారీ దూరంలోనే వేగం తగ్గించింది. తీరా చూస్తే స్టెప్నీలో గాలి సగం కూడా లేదు. తలకు టార్చి కట్టుకుని, పంపుతో గాలి నింపి, చక్రం బిగించేసరికి ముప్పావు గంట పట్టింది. శృంగవరపుకోటలో పంక్చర్ వేయించుకుంటున్నప్పుడు, స్టెప్నీ వాల్వు కూడా మార్చమని నేనే అడిగి చేయించుకున్నాను.