కవితల పుస్తకం అచ్చు వేయించుకోబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న సాయంత్రం పార్సిల్ వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారితే మెత్తబడి ఊరుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

సంస్థ పేరు రాయను. ‘మీ కవితలకు పుస్తక రూపం, 30 రోజుల్లో’ అని మన కవిత్వం గ్రూపులన్నిట్లో రోజూ ప్రకటన పెట్టేవాళ్ళే. మీకు తెలిసిపోతుంది. డెమ్మీ సైజు, 96 పేజీలు, 300 కాపీలు, 38,000 రూపాయలు. ఐఎస్‌బీఎన్‌కి, అంటే ఒక్కో పుస్తకానికి ఒక్కోటిగా ఇచ్చే గుర్తింపు నంబరుకి, విడిగా 3,500. అంతా ముందే కట్టించుకున్నారు. నాకు 53 ఏళ్ళు. గుమాస్తా ఉద్యోగం చేస్తూ ఆఫీసు డైరీల్లో, బస్సు టికెట్ల వెనకా రాసుకున్నవాటిలోంచి ఏరి 62 కవితలు పంపాను. ఈ ఆదివారం అమ్మ సంవత్సరీకం. భోజనాలయ్యాక అమ్మ ఫొటో ముందు పుస్తకం పెట్టి అందరికీ తలొకటి ఇవ్వాలని ఆశపడ్డాను.

కట్ట విప్పాను. మా ఆవిడ పక్కనే ఉంది. అట్ట బాగుంది, నా ఫొటో బాగుంది. నేరుగా 41వ పేజీ తీశాను, అమ్మ మీద రాసిన కవిత అక్కడుంది. ‘అమ్మ పెట్టిన అన్నం ముద్ద’ అని నేను రాసిన పాదం ‘అమ పెటిన అనం ముద’ అని అచ్చయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. పేజీ తిప్పాను. వెన్నెల ‘వెనెల’ అయింది, కన్నీళ్ళు ‘కనీళు’ అయ్యాయి. చివరి పేజీ దాకా ఒత్తన్నది లేదు. మా ఆవిడ రెండు పాదాలు పైకి చదివి, నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి, అత్తయ్య మీద రాసింది ఇలా చేశారేంటండీ అని ఏడ్చేసింది.

వెంటనే ఫోన్ చేశాను. డబ్బు కట్టేదాకా ‘కవిగారూ, కవిగారూ’ అన్న మనిషే ఎత్తాడు. మొత్తం విని, “కవిత్వం ఎవరు చదువుతారు సార్? తీసుకున్నవాళ్ళు అట్ట చూసి బీరువాలో పెట్టేస్తారు. ఒత్తులు ఎవరు చూస్తారు?” అన్నాడు. వెనకాల ఎవరో నవ్వారు. “41వ పేజీలో మా అమ్మ ఉందండీ” అన్నాను. “తర్వాతి ఎడిషన్‌లో చూద్దాం సార్” అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

ఎవరు చదువుతారా? మా పెద్దక్క చదువుతుంది. మూడో తరగతితో బడి మానేసింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. ‘అనం’ దగ్గర ఆగి, అదేంట్రా అని అడుగుతుంది. ఆవిడకేం చెప్పమంటారు?

నా తప్పూ ఉంది. వర్డ్ ఫైల్లో ప్రూఫ్ చూసి సరేనన్నాను. మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో టైపు చేసేది యూనికోడ్. చాలా ప్రెస్సుల్లో పేజీలు కట్టేది ‘అను’ అనే వేరే రకం తెలుగు ఫాంట్లలో. అందులోకి మార్చాక ఒత్తులు, గుణింతాలు మళ్ళీ ఒకసారి సరిచూడాలి. వాళ్ళు చూడలేదు, ఆ పని ఉంటుందని నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది.

ఐఎస్‌బీఎన్ సంగతి రాత్రి తెలిసింది. దాన్ని ఇచ్చేది ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ. కేంద్ర ప్రభుత్వానిది, పైసా తీసుకోదు. రచయిత కూడా ఆన్‌లైన్‌లో స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా దగ్గర 3,500 తీసుకుని వేసిన నంబరే ఈ సంస్థవాళ్ళు అచ్చువేసిన ఇంకో కవి పుస్తకం మీదా ఉంది. ఆయనకూ ఫోన్ చేసి చెప్పాను. పాపం, ఆయనా కట్టాడట.

ఆదివారానికి నలభై కాపీలు కావాలి. ఒక్క 41వ పేజీలోనైనా నల్ల పెన్నుతో ఒత్తులు పెడుతున్నాను. ఇప్పటికి పదకొండు అయ్యాయి.

ఇంకోమాట. ప్రెస్సుకి వెళ్ళే పీడీఎఫ్ అడిగి తీసుకోండి, కాగితం మీద ప్రింటు తీసి చదవండి. ఒక్క కాపీ ముందు వేయించి చూడండి. సగం డబ్బు పుస్తకం చేతికొచ్చాకే ఇవ్వండి. రసీదులు, వాట్సాప్ మాటలు చెరిపేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. పొద్దున నేను చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు.