మట్టి మారియో అట్ట చూసి మోసపోకండి

‘నింటెండో పవర్’ అనే వీడియో గేముల పత్రిక మొదటి సంచిక అనుకుని నేను 180 డాలర్లు పోసి కొన్నది ఆ పత్రిక చివరి సంచిక. రెండింటికీ మధ్య 24 ఏళ్లు. నవ్వుకునేవారు నవ్వుకోండి, కొనబోయేవారు మాత్రం ఇది చదివాకే డబ్బు కట్టండి.

మా బావమరిది అమెరికాలోనే పుట్టి పెరిగాడు. చిన్నప్పుడు దాచుకున్న సంచికలన్నీ ఇల్లు మారేటప్పుడు మా అత్తగారు చెత్తలో వేశారని ఇప్పటికీ ఆమెను సాధిస్తుంటాడు. పుట్టినరోజుకు మొదటి సంచిక తెచ్చిస్తే ఆ గొడవ తీరుతుందని నా ఆశ.

ఇక్కడ కాస్త చరిత్ర తెలియాలి. వీడియో గేములు తయారుచేసే నింటెండో వారు మొదట తమ ఫన్ క్లబ్ పిల్లలకు ఒక చిన్న పత్రికను ఉచితంగా పంపేవారు. దాని స్థానంలో 1988 జూలై-ఆగస్టు సంచికతో ‘నింటెండో పవర్’ వచ్చింది. ‘సూపర్ మారియో బ్రోస్ 2’ గేము కోసం బంకమట్టితో చేసిన, ఆ గేము హీరో మారియో బొమ్మే దాని ముఖచిత్రం. రెండు నెలలకు ఒకసారి వచ్చేది 1991లో మాసపత్రిక అయింది. ఒక దశలో చందా కట్టిన పిల్లలకు ‘డ్రాగన్ వారియర్’ గేమునే ఊరికే ఇచ్చారు! 2007 చివర్లో ప్రచురణ వేరే సంస్థ చేతికి వెళ్లింది, 2012 డిసెంబరులో 285వ సంచికతో పత్రిక ఆగిపోయింది. వీడ్కోలు సంచిక కదా అని, మొదటి అట్టను తలపించేలా మళ్లీ మట్టి మారియోనే వేశారు. అందమైన ఆలోచనే, నా కొంప ముంచింది కూడా అదే.

వేలం సైటులో అమ్మకందారు ‘అరుదైన మట్టి మారియో అట్ట, చరిత్రాత్మక సంచిక’ అని రాశాడు. ఫొటో ఒక్కటే, అదీ ఏటవాలుగా తీసింది, తేదీ ఉండే చోట అతని బొటనవేలు. ‘మొదటి’ అనే మాట అతను ఎక్కడా వాడలేదని పార్సిలు విప్పాక గాని నేను గమనించలేదు. లోపల నింటెండో ఆటల్లో మేటి 285 జాబితా కనిపించింది. సంచికకు ఒకటి చొప్పున ఎంచిన లెక్క! మొదటి సంచికలో అది ఎలా ఉంటుంది?

డబ్బు వెనక్కి అడిగితే ‘నేను అబద్ధం చెప్పలేదు’ అన్నాడు. నిజమే, చెప్పలేదు.

కాబట్టి అట్ట మీది తేదీ, సంచిక సంఖ్య స్పష్టంగా కనిపించే ఫొటో అడగండి. విషయసూచిక పేజీ ఫొటో కూడా అడగండి. మొదటి అట్ట మీద మారియో వెనక కప్పలాంటి విలన్ వార్ట్ ఉంటాడు, వాణ్ణి వెతకండి. ‘సంపూర్ణం’ అని రాసినా నమ్మకుండా మడత పోస్టరు ఉందో లేదో విడిగా అడగాలి, ఎందుకంటే వాటిని చించి గోడకు అతికించని పిల్లలు అరుదు. ఫొటో పంపడానికి సాకులు చెప్పేవాడి దగ్గర బేరం వద్దు.

వేలం సైటు వారికి ఫిర్యాదు పెట్టి పదకొండు రోజులైంది, జవాబు లేదు. బావమరిదికి మాత్రం ఆ చివరి సంచికే ఇచ్చాను. రాత్రంతా కూర్చుని చదివాడు, అత్తగారిని సాధించడం మాత్రం మానలేదు.